కొండకు కట్టుబడిన కొలువు

తిరుమల కొండల్లో పేరిత అనే మొక్క ఉంది. దూరం నుంచి చూస్తే పొట్టి ఈతచెట్టులా కనిపిస్తుంది కానీ, ఈతతో దానికి ఏ చుట్టరికమూ లేదు. అది డైనోసార్ల కాలం నుంచి వస్తున్న సైకాడ్ల వంశం. 1883లో డయ్యర్ అనే వృక్షశాస్త్రవేత్త, మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరు మీద దానికి సైకస్ బెడ్డోమై అని పేరు పెట్టాడు. తిరుపతి, కడప కొండలు దాటితే ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా పెరగదు.

ఇందులో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగచెట్టు నడినెత్తిన పొడవాటి శంకువు లేస్తుంది. బలానికీ కీళ్లనొప్పులకూ మందని దాన్ని కోసుకెళ్లి అమ్ముతారు. కోసినంత మాత్రాన చెట్టు చావదు. నష్టం కంటికి ఆనకపోవడానికి కారణం అదే. పుప్పొడి అందక ఆడచెట్టుకు గింజ కట్టదు. కట్టిన కాసిని గింజలు మొలిచినా, వేసవిలో కార్చిచ్చు ఆ మొలకల్ని మాడ్చేస్తుంది. పెద్దచెట్టు మాత్రం మంట చల్లారాక మళ్లీ చిగురించి నిలబడుతుంది. దారిన పోయేవారికి అడవి పచ్చగానే ఉంటుంది. ముసలి చెట్లే మిగిలాయని, వాటి వెనక వచ్చేవి లేవని తెలియాలంటే, ఒకే వాలుకు ఏళ్ల తరబడి వెళ్లి పిల్లమొక్కల్ని లెక్కపెట్టే మనిషి ఉండాలి.

ఆ మనిషి ఉద్యోగం గురించి మనం తగినంత ఆలోచించడం లేదు. 1987లోనే పేరితను సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చి, అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేశారు. చట్టం సరిహద్దు దగ్గర పనిచేస్తుంది. కొండ మీద పనిచేయాల్సింది మనిషే.

తిరుమల ఉన్న శేషాచలం కొండల్లో ఆ పనికి కొదవ లేదు. ఎర్రచందనం ఉంది, తెల్లకరక ఉంది, మొగి ఉంది. 1961లో గానీ శాస్త్రలోకానికి కొత్త జాతిగా పరిచయం కాని కొండ సాంబ్రాణి ఉంది. ఇక్కడ అడవిని తిరిగి నిలబెట్టడమంటే గుంతలు తవ్వి మొక్కలు నాటడమే కాదు. నరికిన ఎర్రచందనం మోడు నుంచి పిలకలు వస్తాయి. వాటిలో బలమైనదాన్ని ఉంచి, మంటా పశువులూ దరిచేరకుండా కాస్తే చాలాచోట్ల అదే చెట్టవుతుంది. ఎక్కడ కాపలా చాలు, ఎక్కడ విత్తనం చల్లాలి, ఎక్కడ నారు పెంచాలి అన్నది తేల్చడమే పరిశోధన. అందుకు చెట్టుకో నంబరు బిళ్ల కొట్టి, నెలనెలా వెళ్లి చిగురు, మొగ్గ, పువ్వు, కాయ రాసుకోవాలి. ఒక్క నెల తప్పితే గింజ ఎప్పుడు రాలిందో తెలియదు. ఆ ఏటికి నర్సరీ లేనట్టే.

తమిళనాడులోని వాల్పారైలో ఈ ఓపిక ఫలితం చూడొచ్చు. టీ, కాఫీ తోటల మధ్య ముక్కలై మిగిలిన వానడవిని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌కు చెందిన దివ్య ముడప్ప, శంకర్ రామన్ బృందం రెండు దశాబ్దాలకు పైగా బాగుచేస్తోంది. రోడ్ల పక్కన రాలిన అడవి గింజలు ఏరి నారు పెంచుతారు, లాంటానా పొదలు తీసేస్తారు, రకరకాల స్థానిక జాతుల మొక్కల్ని కలిపి నాటుతారు. వదిలేసిన చోట్లకన్నా నాటిన చోట నీడ, జాతుల సంఖ్య త్వరగా కోలుకున్నాయని వాళ్ల కొలతలు చెప్పాయి. పాత అడవితో మాత్రం ఇంకా సరితూగలేదని కూడా అవే చెప్పాయి. ఆ రెండో మాట దాచకుండా చెప్పడం వల్లే ఈ పని మీద నాకు గురి.

మన పిల్లలు ఇటు రావాలంటే దారులున్నాయి. బోటనీ ఎమ్మెస్సీ చేసి నెట్ రాసి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్పు తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఇంటి అద్దె అదనం. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం ఉంది, దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. సర్వేలో బొటానిస్టు పోస్టుల్ని యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. చిక్కల్లా ఆ తర్వాతే. ఫెలోషిప్పు గడువు ఐదేళ్లు. ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు మూడేళ్లకే ముగుస్తాయి. ఎర్రచందనంలో చేవ పట్టడానికే దశాబ్దాలు కావాలి. చెట్టును గుర్తుపట్టడం చేతనయ్యేసరికి జీతం ఆగిపోతే, ఆ కుర్రాడో అమ్మాయో కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకోవాల్సిందే. నంబరు బిళ్లలు చెట్లకే ఉంటాయి, చదివేవారుండరు. పరిశోధనకు డబ్బిచ్చేవారు మొదట సరిచేయాల్సింది ఈ గడువును.

డాక్టరేట్ ఉన్నవారే చేయాల్సిన పని కూడా కాదిది. కేరళలోని వయనాడ్‌లో 1981లో వుల్ఫ్‌గాంగ్ థాయర్‌కాఫ్ మొదలుపెట్టిన గురుకుల వనంలో పశ్చిమ కనుమల అరుదైన మొక్కల్ని చేత్తో పెంచి బతికిస్తున్నవారిలో స్థానిక గ్రామాల మహిళలు ఎందరో ఉన్నారు. శేషాచలం అంచు పల్లెల్లో కూడా ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో తెలిసినవారున్నారు. వారికి నెల జీతం, పక్కన ఒక పరిశోధకుడికి గడువు లేని పోస్టు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. టీటీడీ, అటవీ శాఖ, ఎస్వీ విశ్వవిద్యాలయం ఉన్నవి ఆ కొండ కిందే.