పాలపిట్టకు ఇల్లెక్కడ?



దసరానాడు జమ్మి చెట్టు దగ్గరకు పోతూ పాలపిట్టను చూడని ఊరు మన వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో లేదు. ఆనాడు పాలపిట్ట కనబడితే ఏడాదంతా మేలు జరుగుతుందని మన పెద్దల నమ్మకం. బాగున్నది. మరి ఆ ఒక్కనాడు పోగా మిగతా 364 రోజులు ఆ పిట్ట ఎక్కడుంటుంది? ఏమి తింటుంది? ఎక్కడ గుడ్లు పెడుతుంది? ఈ మాట అడిగితే చాలామంది తల గోక్కుంటారు. నేను డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరిన కొత్తలో అట్లే గోక్కున్నవాణ్ణే. పురుగుమందుల పేర్లు వరుసబెట్టి చెప్పగలిగేవాణ్ణి కాని, చేనిగట్టు మీద కూర్చున్న పిట్ట సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ముందు పిట్టను గుర్తుపట్టండి. గోరింక కంటె కొంచెం పెద్దది. తల పెద్దగా, మెడ పొట్టిగా ఉంటుంది. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగు రొమ్ముతో మామూలు పిట్టలాగానే కనబడుతుంది. లేచి రెక్క విప్పిందా, అప్పుడు చూడండి దాని సొగసు! ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా మెరుస్తాయి. విచిత్రమేమంటే ఆ ఈకల్లో నీలపు రంగుద్రవ్యం అనేది లేనే లేదు. ఈక లోపలి అల్లిక మీద వెలుగు పడి చెదరడం వల్ల మన కంటికి నీలంగా తోస్తుంది. ఆడదీ మగదీ ఒక్క తీరుగానే ఉంటాయి. కొందరు లకుముకి పిట్టను చూచి పాలపిట్ట అనుకుంటారు. లకుముకికి ఎర్రని పొడుగు ముక్కు ఉంటుంది, అది వాగు ఒడ్డున మట్టిలో బొరియ తవ్వుకొని గుడ్లు పెడుతుంది. పాలపిట్టకు ఆ తవ్వే పని చేతకాదు. ఉన్న కథంతా అక్కడే ఉన్నది.

పాలపిట్ట చెట్టుతొర్రలో కాపురం పెడుతుంది. తొర్రను తాను చేసుకోలేదు. వడ్రంగి పిట్ట తొలిచి వదిలిన తొర్ర కావచ్చు, కొమ్మ విరిగి పుచ్చిపోయిన చోటు కావచ్చు, పాత గోడలో సందు కావచ్చు. అన్నిటికంటె దానికి ఇష్టమైనది, తల పోయి మొండిగా నిలబడిన తాడిచెట్టు. పిడుగు పడియో, రోగం తగిలియో మట్టలు రాలిపోయిన తాడి లోపల మెత్తబడి పుచ్చుతుంది. పైన పెంకు మాత్రం గట్టిగా నిలబడుతుంది. ఆ డొల్లలో కాస్త గడ్డీ గాదం పడితే చాలు, పాలపిట్టకు అదే మేడ.

శివరాత్రి వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజుల్లో, అంటే మార్చి నుండి జూన్ వరకు, దీని సంసారం సాగుతుంది. అప్పుడు మగపిట్ట చేసే విన్యాసం చూడవలసినదే. గరగరమని అరుస్తూ ఆకాశంలోకి ఎగిరి, అక్కడి నుండి ఒక్కసారి తలకిందులుగా జారుతూ, పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది. జత కుదిరాక ఆడపిట్ట 3 నుండి 5 వరకు తెల్లని, గుండ్రని గుడ్లు పెడుతుంది. గుడ్డు పొదగడానికి 17 నుండి 19 రోజులు పడుతుంది. మొదటి గుడ్డు పెట్టిన నాటి నుండే పొదగడం మొదలవుతుంది కనుక పిల్లలన్నీ ఒకేనాడు బయటపడవు, ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. మేత తక్కువైన ఏడు కడపటి పిల్ల బ్రతకడం కష్టం. పుట్టినప్పుడు ఒంటిమీద నూగు కూడా ఉండదు. తల్లీ తండ్రీ ఇద్దరూ మేత మోసి, ఒక నెలా నాలుగైదు రోజులు సాకిన తరువాత పిల్లలు తొర్ర దాటి ఎగురుతాయి. ఈ నెల రోజులూ ఆ జంట దగ్గరికి కాకి వచ్చినా, కుక్క వచ్చినా మీద పడి తరుముతాయి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. తాండూరు అవతల ఒక ఊరిలో కంది చేను చూడడానికి పోయాను. గట్టు మీద ఒక మొండి తాడి. ఆ రైతు పెద్దాయన గొడ్డలి పట్టుకొని నిలబడ్డాడు.

"సారూ, ఇది సచ్చి మూడేండ్లాయె. ఉంటే ఏం లాభం? కొట్టేస్తె ఇంత జాగ కలిసొస్తది, దూలానికన్న పనికొస్తది" అన్నాడు.

"తాతా, ఒక్క గంట ఆగు, చేను చూచి వద్దాము" అన్నాను. మేము తిరిగి వచ్చేసరికి మొండి మీద పాలపిట్ట కూర్చొని ఉన్నది, నోట్లో ఒక మిడత. మమ్మల్ని చూచి అరిచింది, కాసేపటికి తొర్రలోకి దూరింది. లోపల పిల్లల కూత.

తాత గొడ్డలి కిందికి దించి, "అరె, దసరాకు దీన్ని చూడనీకి ఊరి బయటి దాక పోతుంటి, ఇది నా గట్టు మీదనే ఉండె" అన్నాడు. ఆ ఏడు చెట్టు కొట్టలేదు. మరుసటి ఏడు గాలివానకు అదే పడిపోయింది. ఆ చుట్టుపక్కల ఇంకొక మొండి తాడి లేదు. ఆ జంట ఎటు పోయిందో నాకు మళ్ళీ కనబడలేదు.

అందుచేత గింజలు చల్లి పిట్టలను పిలిస్తే పాలపిట్ట రాదు. దానికి కరువు ఇంటికే. తొర్ర ఉన్న చెట్లు తక్కువ, వాటి కోసం రామచిలుకలూ గోరింకలూ కూడా పోటీ పడతాయి. అనంతగిరి కొండల్లో అడవి ఉన్నది కనుక కొంత నయం. తాండూరు వైపు నల్లరేగడి చేలల్లో గట్ల మీద చెట్లే పలచన.

ఈ తిప్పలు మన దేశంలోనే కాదు. అమెరికాలో ఒక నీలిపిట్ట ఉన్నది, మన పాలపిట్టకు చుట్టం కాదు, కాని అదీ తొర్రలోనే గుడ్లు పెడుతుంది. అక్కడి రైతులు ఎండిన చెట్లు నరికి, పాత కర్ర కంచెలు తీసి ఇనుప గుంజలు పాతారు. యూరపు నుండి తెచ్చి వదిలిన పిచ్చుకలూ, స్టార్లింగు పిట్టలూ మిగిలిన తొర్రలు ఆక్రమించాయి. నీలిపిట్టలు బాగా తగ్గిపోయాయి. అప్పుడు జనమే పూనుకొని కంచెల వెంబడి చెక్కపెట్టెలు కట్టారు. పెట్టె రంధ్రం అంగుళంన్నర మాత్రమే. నీలిపిట్ట దూరుతుంది, స్టార్లింగు దూరలేదు! లారెన్స్ జెలెనీ అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఉద్యోగం విరమించిన తరువాత ఈ పనికే పూనుకొని 1978లో ఒక సంఘం స్థాపించాడు. పిట్టలు మళ్ళీ పెరిగాయి. యూరపులో మన పాలపిట్టకు దాయాది ఒకటి ఉన్నది. హంగరీ, స్పెయిన్ దేశాల్లో దానికి పెట్టెలు కడితే వచ్చి పిల్లలను లేపింది.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు. దీనితో మా కందికి ఏమి లాభం అని కదా? ఉన్నమాట చెబుతాను. పాలపిట్ట వచ్చి శనగపచ్చ పురుగును తుడిచిపెడుతుందని నేను చెప్పను. అది ఎత్తైన చోట కూర్చొని, నేల మీద కదిలే దానిని చూచి దూకుతుంది. పెంకుపురుగులు, మిడతలు, కీచురాళ్ళు దాని ముఖ్యమైన మేత. తేలు, చిన్న కప్ప, తొండ దొరికినా వదలదు. కంది మీది పచ్చపురుగును ఎక్కువగా ఏరేవి చీలిన తోక నల్ల ఏట్రింత, గోరింక. అయితే వీటన్నిటికీ చేనిలో కూర్చోవడానికి ఒక చోటు కావాలి. అందుకే ఎకరాకు 20 చొప్పున, పైరు కంటె అడుగు ఎత్తుగా, పైన అడ్డకర్ర కట్టిన గుంజలు పాతమని మేము చెప్పేది. కర్రలు మీ కంచెలోనే దొరుకుతాయి, పైసా ఖర్చు లేదు. దసరా నాటికి కంది మొగ్గకు వస్తుంది, పచ్చపురుగు రెక్కలపురుగు గుడ్లు పెట్టేదీ అప్పుడే. గుంజలు ఆలోపే పాతాలి. ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు, పురుగు పిల్లదశలో 5 శాతం వేపగింజల కషాయం కూడా తోడు కావాలి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి ఈ పాటి జాగ్రత్త తగినదే. జొన్న వేసినవారు మాత్రం గింజ పాలుపోసుకొనే నాటికి గుంజలు పీకివేయాలి, లేకుంటే కంకుల మీద వాలే పిట్టలకు మనమే పీట వేసినట్లు.

దసరా సంగతి కూడా కొంచెం ఘాటుగానే చెప్పవలసి ఉన్నది. పండుగ ముందు కొందరు పాలపిట్టలను జిగురుతో, వలతో పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పుతారు. మనం పది రూపాయలిచ్చి దండం పెడతాము. ఆ పిట్ట ఆ వేసవిలో పిల్లలను లేపిన తల్లి కావచ్చు, లేదా తొలిసారి రెక్క విప్పిన పిల్ల కావచ్చు. విడిచిపెట్టినా చాలావరకు ఎగరలేక చస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం పాలపిట్టను పట్టడం, పంజరంలో ఉంచడం నేరం. తెలంగాణ వచ్చిన 2014లోనే దీనిని రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. దేశమంతటా పక్షుల లెక్కలు చూచి 2023లో వెలువరించిన నివేదిక, పాలపిట్టలు తగ్గుతున్నాయని చెప్పింది. దీని ఈకలు తరిగి గడ్డిలో కలిపి పెడితే ఆవు పాలు ఎక్కువిస్తుందని వెనుకటి నమ్మకం, ఆ పేరు కూడా అందుకే వచ్చిందని అంటారు. పాలు కావాలంటే పచ్చిమేత, తవుడు, చెక్క పెట్టండి.

మీ గట్టు మీద మొండి తాడిగాని, ఎండిన చెట్టుగాని ఉంటే, ఇంటి మీదా దారి మీదా పడే ప్రమాదం లేనప్పుడు దానిని నిలబడనీయండి. కొట్టక తప్పదంటే దసరా వెళ్ళిన తరువాత, చలికాలంలో కొట్టండి. మార్చి, జూలై మధ్య కొట్టవలసి వస్తే, పొద్దున పూట యాభై అడుగుల దూరంలో అరగంట కూర్చొని చూడండి. నోట్లో పురుగు పట్టుకొని పిట్ట దాని మీద వాలితే, గొడ్డలి ఇంకొక నెల ఆగవలె.