అంకె చూసి తేల్చే నేరం కాదిది!

మీకు తెలుసా? జాతిహననం అనాలంటే ఇంతమంది చనిపోయి ఉండాలన్న లెక్క అంతర్జాతీయ చట్టంలో ఎక్కడా లేదు! చూసేదల్లా ఉద్దేశం. ఫలానా సమూహం వాళ్ళయినందుకే వాళ్ళను పూర్తిగానో కొంతగానో తుడిచిపెట్టాలనుకున్నారా, లేదా? ఆ ఉద్దేశంతో పిల్లల్ని బలవంతంగా లాక్కెళ్ళి వేరేవాళ్ళకు అప్పగించినా ఈ నేరమే. ఒక్క ప్రాణం కూడా తీయకుండానే!

మరి యుద్ధం జరుగుతూ ఉండాలా? అక్కర్లేదు! 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం, మొదటి అధికరణంలోనే ఆ మాట తేల్చేసింది.

ఈ నేరాన్ని 1946లో ఐరాస ముందు పెట్టించిన మూడు దేశాలేవో చెప్పుకోండి చూద్దాం. క్యూబా, పనామా, ఇండియా! మనకప్పటికి స్వాతంత్ర్యమే రాలేదు! 1959లో ఒప్పందాన్ని ధ్రువీకరించాం కూడా. అయితే మన పాత శిక్షాస్మృతిలో ఇది ఏ సెక్షన్? ఏ సెక్షనూ కాదు! 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018లో తీర్పిస్తూ ఢిల్లీ హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపింది. దాని స్థానంలో 2023లో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులోనూ లేదు!

కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలనలో 17 లక్షల మంది దాకా పోయారని అంచనా. 2018లో అక్కడి కోర్టు జాతిహననం అన్నది మాత్రం వియత్నామీయుల, చామ్ ముస్లింల చావులనే. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఖ్మేర్లు. ఖ్మేర్లయినందుకు కాక శత్రువులని ముద్రవేసి చంపారు కాబట్టి, వాళ్ళ చావులు మానవాళిపై నేరాల కిందికి వెళ్ళాయి!

ఎందుకంటే చట్టం కాపాడేది నాలుగు రకాల సమూహాలనే: దేశీయత, తెగ, జాతి, మతం. 1946 తీర్మానంలో రాజకీయ సమూహాలూ ఉన్నాయి. 1948కి ఎగిరిపోయాయి! కులం? దాని ఊసే లేదు.

కులం పేరిట చంపడం ఎలా ఉంటుందో చూడాలంటే, అప్పటి మన ప్రకాశం జిల్లాకు రండి. 1985 జులై 16, కారంచేడు. మాదిగలు మంచినీళ్ళు ముంచుకునే చెరువు దగ్గర ఆధిపత్య కులం వాళ్ళు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే, మాదిగలు ఇదేం పనని అడిగారు. అడిగినవాళ్ళను కొట్టబోతే ఒకామె చేతిలో ఉన్న బిందె ఎత్తింది. అంతే! తెల్లారి వెంటాడి ఆరుగురు మాదిగలను చంపారు, ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. ఊరు విడిచి చీరాల చేరినవాళ్ళ మధ్య నుంచే దళిత మహాసభ పుట్టింది. నాలుగేళ్ళకు, 1989లో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఒక మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన పోరు ఎంత దూరం వెళ్ళిందో చూడండి!

మీకు తెలుసా? కులవివక్ష కూడా జాతివివక్ష ఒప్పందం కిందికే వస్తుందని 2002లో ఐరాస కమిటీ ఒకటి తేల్చింది. పుట్టుకను బట్టి వెలివేయడం అక్కడ నిషేధమైతే, పుట్టుకను బట్టి చంపడం జాతిహననం ఒప్పందంలో ఎందుకు లెక్కలోకి రాదు? నా మటుకు నాకు కులం పేరు ఆ జాబితాలో చేరి తీరాలి. చేరినా, కారంచేడు జాతిహననం అవునా కాదా అన్న వాదన మళ్ళీ ఉద్దేశం దగ్గరే మొదలవుతుంది!

అప్పటి గుంటూరు జిల్లా చుండూరు సంగతి ఇంకో ఆశ్చర్యం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి, శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. గొడవకు మూలం? సినిమాహాల్లో కాలు తగలడం!

ఆ తర్వాత బాధితులు ఎంత పట్టుబట్టారంటే, ప్రత్యేక కోర్టే ఊళ్ళోకి నడిచొచ్చింది! చంపినచోటే విచారణ! 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు.

మరి హైకోర్టుకు వెళ్ళాక? 2014 ఏప్రిల్ 22న అందరూ నిర్దోషులే అన్నారు. ఎనిమిది హత్యలు, ఆ తీర్పుతో ఒక్క దోషీ మిగల్లేదు!