నోటీసు బోర్డు మీది ప్రేమ

గత డిసెంబరు మొదటి వారంలో మాకవరపాలెంలో ఒక టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాను. పక్కన నలుగురు కళాశాల విద్యార్థులు ఒకే ఫోను మీదకు వంగి ఉన్నారు. సమంత, దర్శకుడు రాజ్ నిడిమోరు కోయంబత్తూరు ఈశా కేంద్రంలో పెళ్లి చేసుకున్న ఫోటోలవి. చీర బాగుందన్నాడొకడు. మరొకడు పాత పెళ్లి సంగతులు ఎత్తాడు. మూడోవాడు, "ఇంతకీ ఆయన కులమేట్రా, సూడు" అన్నాడు. నాలుగోవాడు వెతకడం మొదలుపెట్టాడు.

ఆ ప్రశ్న అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో సింధు రజతం గెలిచిన వేళ, ఆమె కులమేమిటని తెలుగు రాష్ట్రాలు గూగుల్‌ను అడిగిన వైనం దేశమంతా వార్త అయింది. తారల ప్రేమల మీద మనకున్న ఆసక్తిని సినిమా పిచ్చి అని తేలిగ్గా తీసేస్తాం. కానీ సంబంధం మాట్లాడేటప్పుడు ఇంటిపెద్ద అడిగే మొదటి ప్రశ్నే ఆ ఆసక్తి అడుగున ఉంది.

అయితే తారలకు ఆ చూపును ఎదుర్కొనే సాధనాలున్నాయి. 2017లో గోవాలో హిందూ, క్రైస్తవ పద్ధతులు రెండింటిలోనూ పెళ్లి చేసుకున్న సమంత, నాగచైతన్య 2021 అక్టోబరు 2న విడిపోతున్నట్టు తామే ప్రకటించారు. రోజు వారిదే, మాటలూ వారివే. తమ ఏకాంతాన్ని గౌరవించమన్న వినతీ అందులోనే ఉంది. ఆ తరువాత నిందలన్నీ ఆమె మీదే పడ్డాయి. అది మగవాణ్ణి వదిలి ఆడదాన్ని పట్టుకునే మన పాత అలవాటు. ఆమె ఆ పుకార్లకు బహిరంగంగా జవాబిచ్చింది. యూట్యూబ్ చానళ్ల మీద కూకట్‌పల్లి న్యాయస్థానానికి వెళ్లి ఆ వీడియోలను తొలగించాలన్న ఆదేశం తెచ్చుకుంది. 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రి కొండా సురేఖ రాజకీయ ప్రత్యర్థిని విమర్శిస్తూ ఆ విడాకులను వీధిలోకి లాగినప్పుడు చిత్రసీమ దాదాపు ఒక్క గొంతుతో ఖండించింది. మంత్రి తన మాటలు వెనక్కి తీసుకున్నారు. నాగార్జున పరువునష్టం కేసు వేశారు. ఇదంతా న్యాయమే. ఆమెకు దక్కిన ఆ కొద్దిపాటి రక్షణ మీద నాకు అసూయ లేదు. అది ఎవరి దాకా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే నన్ను కలచే విషయం.

రెండేళ్ల కిందట నేను ఒక పెళ్లికి సాక్షి సంతకం చేశాను. ఇద్దరూ ఈ ప్రాంతం వాళ్లే, నా దగ్గర చదువుకున్నవాళ్లే. అబ్బాయిది చర్చికి వెళ్లే దళిత కుటుంబం. అమ్మాయిది భూములున్న హిందూ కుటుంబం. పెళ్లి కోసం మతం మార్చుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. కనుక వారికి మిగిలిన దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఆంధ్రదేశంలో ఎన్నో దళిత కుటుంబాలు క్రైస్తవం పుచ్చుకున్నాయి. కనుక మతాంతర వివాహాల కోసం చేసిన ఈ చట్టం ఇక్కడ చాలాసార్లు కులాంతర వివాహాల చట్టంగానే పనిచేస్తుంది. ఈ సంగతి మన చర్చల్లో ఎందుకో రాదు.

ఆ చట్టం ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వాలి. పేర్లు, చిరునామాలతో సహా దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటించాలి. అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు. పెళ్లినాడు ముగ్గురు సాక్షులు. చదవడానికి నిరపాయంగానే ఉంటుంది. కానీ ఆ కాగితం అంటించేది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో. భూమి దస్తావేజుల కోసం భూమి ఉన్నవాళ్లు రోజూ వచ్చిపోయే చోట! తొమ్మిదో రోజున అమ్మాయి ఊరి పెద్దమనిషి ఒకాయన అమ్మకం దస్తావేజు పని మీద వచ్చి, తన వంతు కోసం ఎదురుచూస్తూ గోడ మీది కాగితాలు చదివాడు. సాయంత్రానికి అమ్మాయి ఫోను మూగబోయింది.

మర్నాడు ఆమె తండ్రి మా ఇంటికొచ్చాడు. కేకలు వేయలేదు. "మేష్టారూ, మీకూ ఆడపిల్లుంది కదా" అని మాత్రం అన్నాడు. అది వేడుకోలో హెచ్చరికో నాకు ఈనాటికీ తేలలేదు.

మూడు వారాల తరువాత ఆ అమ్మాయి మేనమామ ఇంటి నుంచి బయటపడి వచ్చింది. అప్పుడు వాళ్లిద్దరూ చేసిన మొదటి పని ఫోను ముందు నిలబడి వీడియో తీసుకోవడం. మేం మేజర్లం, ఇష్టపడి పెళ్లి చేసుకుంటున్నాం, మాకేమైనా జరిగితే బాధ్యులు వీరు, అని. ఇలాంటి వీడియోలు మనమంతా చూసినవే. తరువాత పోలీసు స్టేషను, ఆ తరువాత విలేకరులు. తారలు కెమెరాలను పొమ్మని బతిమాలుతారు. వీళ్లు కెమెరాలను రమ్మని బతిమాలారు. నలుగురి కళ్లలో ఉంటే చంపరేమోనని ఆశ.

ఆ ఆశ కూడా ప్రతిసారీ నిలబడదు. మిర్యాలగూడలో ప్రణయ్ దంపతుల వేడుక వీడియోను ఫేస్‌బుక్‌లో ఎందరో చూశారు, మెచ్చారు. 2018 సెప్టెంబరు 14న ఆసుపత్రి వాకిట్లో, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగానే అతణ్ణి నరికేశారు. అప్పుడు రామ్‌చరణ్, మంచు మనోజ్ వంటి నటులు బాహాటంగా ఖండించారు. కానీ అదే సినీరంగంలో రాంగోపాల్ వర్మ 2020లో 'మర్డర్' పేరుతో చిత్రం ప్రకటించారు. తన దుఃఖం సినిమా కాకుండా అడ్డుకోవడానికి ఆ భార్య నల్లగొండ న్యాయస్థానం మెట్లెక్కాల్సి వచ్చింది. హత్య కేసులో తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం.

లోకం చూపును ఇంకొక రకంగా వాడుకున్న ప్రసిద్ధులూ మనకున్నారు. 1948లో గోరా తన కుమార్తె మనోరమకు దళితుడైన అర్జునరావుతో సేవాగ్రామ్‌లో పెళ్లి జరిపించారు. 1960లో ఆయన కుమారుడు లవణం, జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు. వాళ్లు తమ ఇంటి పెళ్లిళ్లను దాచుకోలేదు. కులాంతరమని చెప్పి మరీ చేశారు. ఇవాళ్టి తారల ఇళ్లలో కులాంతర, మతాంతర వివాహాలు కొరత లేదు. అయితే ఫోటోల్లో నగలుంటాయి, పూలుంటాయి, ఆ ఒక్క మాట ఉండదు. డబ్బు, పేరు కలిసి కులాన్ని కప్పేస్తాయి. అందుకే ఆ పెళ్లికి చప్పట్లు కొట్టిన అభిమాని తన చెల్లెలి ఫోను లాక్కోవడానికి వెనుకాడడు. చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టలేం. ఆ హక్కు వారిదే. కానీ చెప్పినవాళ్ల వల్ల కదిలిన గోడలున్నాయని మరిచిపోలేం.

ఏకాంతం ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. పరువు పేరిట బెదిరింపులు ఎదుర్కొనే జంటలకు ప్రత్యేక విభాగాలు ఏర్పరచాలని, రక్షణ గృహాల సంగతి ఆలోచించాలని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో నిర్దేశించింది. వివాహ నోటీసు ప్రచురణ జంట కోరితేనే జరగాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు అన్నది. ఇన్ని తీర్పుల తరువాత, రెండేళ్ల కిందట, ఆ ఇద్దరి పేర్లూ ఊళ్లూ గోడ మీద ఉన్నాయి. సమంత పెళ్లి ఫోటోలు ఆమె తలచినప్పుడే బయటికొచ్చాయి. నా విద్యార్థిని పెళ్లి వార్తను మాత్రం ప్రభుత్వమే బంక పూసి అంటించింది.

సంతకాలయ్యాక కార్యాలయం మెట్ల మీద వాళ్లిద్దరినీ నిలబెట్టి నేనే ఒక ఫోటో తీశాను. అబ్బాయి చొక్కా కొత్తది, మడతలు ఇంకా పోలేదు. అమ్మాయి ఫోటో చూసుకుని నవ్వింది. "ఎక్కడా పెట్టకండి మేష్టారూ" అంది. అది ఇప్పటికీ నా ఫోనులోనే ఉంది.