పూల్ టేబుల్‌కి లైట్ మనమే చేసుకుందాం!
మా ఇంట్లో 8 అడుగుల పూల్ టేబుల్ ఉంది. మొదట్లో దాని పైన మధ్యలో ఒకే బల్బు పెట్టాను. మూలల్లో చీకటి, ప్రతి బాల్ పక్కన నల్లటి నీడ. బాల్ అంచు ఎక్కడో, నీడ ఎక్కడో తెలిసేది కాదు. ఈజీ షాట్లు కూడా మిస్! పెద్ద బల్బు వేస్తే నీడ ఇంకా ముదిరింది. వెలుగు సమంగా పరుచుకోవాలని అప్పుడర్థమైంది.

అందుకే అల్యూమినియం ఫ్రేముకి 4 అడుగుల, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు నాలుగు బిగించాను. టేబుల్ పొడవునా రెండు వరుసలు, వరుసకి రెండు. ఒక ట్యూబు వేసే నీడని ఇంకోటి చెరిపేస్తుంది.

డబ్ల్యూపీఏ టోర్నమెంట్ రూల్స్‌లో టేబుల్ మీద ప్రతి చోటా కనీసం 520 లక్స్ ఉండాలి. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ పెట్టి మధ్యలో, మూలల్లో కొలవండి. నంబర్ అటూ ఇటూ అయినా, తేడా తెలిసిపోతుంది.

నేను చేసిన తప్పు మాత్రం మీరు చేయొద్దు. ఫ్రేముని ఫాల్స్ సీలింగ్‌కే వేలాడదీశాను. ఒక రాత్రి జిప్సమ్ బోర్డుతో సహా ఊడి టేబుల్ మీద పడింది. పది నిమిషాల ముందు వరకు మా అక్క కొడుకు అక్కడే ఆడుతున్నాడు! ఇప్పుడు శ్లాబులోకి యాంకర్ బోల్టులు దింపి, గొలుసులతో కట్టాను. వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.