నిద్ర చాలకుంటే.. చదువు నిలవదు!

విజయవాడ: తెల్లవారుజామున ఐదు గంటలకే నగర శివారులోని పలు వసతి కళాశాలల్లో మేలుకొలుపు గంటలు మోగుతాయి. ఏడు కాకముందే కంకిపాడు, ఉయ్యూరు మార్గాల్లో పసుపుపచ్చని బడి బస్సులు బారులు తీరుతాయి. కిటికీకి తల ఆనించి కునుకుపాట్లు పడే చిన్నారులు వాటిలో నిత్యం కనిపిస్తారు. బద్ధకమని పెద్దలు కసురుకునే ఈ మగతకు తరచూ కారణం చాలీచాలని నిద్రే.

ఎవరికి ఎంత?

నిద్ర వైద్యంపై పనిచేసే అమెరికా నిపుణుల సంఘం 2016లో వయసులవారీగా ప్రమాణాలు ప్రకటించింది. వాటి ప్రకారం మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10-13 గంటలు, ఆరు నుంచి 12 ఏళ్ల వారికి 9-12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8-10 గంటల నిద్ర అవసరం. ఉదయం ఆరింటికి లేవవలసిన నాలుగో తరగతి బాలుడు రాత్రి తొమ్మిదింటికల్లా నిద్రలోకి జారుకోవాలన్నమాట. అయితే వన్‌టౌన్‌లోనో, బీసెంట్ రోడ్డులోనో దుకాణం కట్టేసి తండ్రి ఇల్లు చేరేది పదింటికి. ఆ తర్వాతే భోజనాలు, టీవీ, కబుర్లు. పడక ఎక్కేసరికి పదకొండు. పిల్లవాడికి దక్కేది ఏడు గంటలే. రోజుకు రెండు గంటల చొప్పున బడి ఉన్న ఆరు రోజుల్లో 12 గంటల లోటు పేరుకుపోతుంది.

నిద్రలో జరిగేదేమిటి?

నిద్ర అంటే కేవలం విశ్రాంతి కాదు. ఎదుగుదలకు తోడ్పడే హార్మోను అధికంగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. పగలు విన్న పాఠాలను మెదడు జ్ఞాపకంగా స్థిరపరచుకునేదీ అప్పుడే. నిద్ర మాని చదవడం గండి పడిన చేలో నీరు పెట్టడం వంటిదే. ఎంత పెట్టినా నిలవదు. నిద్ర చాలని పెద్దలు నీరసిస్తారు. పిల్లల్లో కొందరు అందుకు విరుద్ధంగా చికాకు, మొండితనం, నిలకడలేని అల్లరి ప్రదర్శిస్తారు. దీన్ని క్రమశిక్షణ లోపంగా భావించి దండిస్తే ప్రయోజనం ఉండదు.

యుక్తవయసులో గడియారమే మారుతుంది

శరీరంలోని జీవగడియారం పనితీరును వెలికితీసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. చీకటి పడ్డాక నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ అనే హార్మోను యుక్తవయసులో ఆలస్యంగా విడుదలవుతుంది. పదో తరగతి, ఇంటర్ విద్యార్థులకు రాత్రి త్వరగా నిద్ర రాకపోవడానికి, వేకువన లేవలేకపోవడానికి ఇదే ముఖ్య కారణం. అందుకే ఉన్నత పాఠశాలలు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలు కారాదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో సూచించగా, కాలిఫోర్నియా రాష్ట్రంలో 2022 నుంచి అది చట్టంగా అమలవుతోంది.

ఇక్కడ పరిస్థితి తద్విరుద్ధం. రాత్రి పదిన్నర వరకు స్టడీ అవర్లు, వేకువన ఐదింటికి మేలుకొలుపు ఉన్నచోట విద్యార్థికి ఆరు గంటల నిద్ర దక్కడమే గగనం. విద్యార్థుల ఆత్మహత్యల నేపథ్యంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ కార్పొరేట్ కళాశాలల తీరును పరిశీలించాయి. అయినా చేర్పించేటప్పుడు ర్యాంకులు, ఫీజులు, ఏసీ గదుల గురించి ఆరా తీసే తల్లిదండ్రులు దీపాలు ఆర్పే వేళ ఎప్పుడని అడగడం అరుదు. ఆ ఒక్క ప్రశ్న అందరూ అడిగితే యాజమాన్యాలూ ఆలోచించక తప్పదు.

ఇంట్లో ఏం చేయాలి?

ముందుగా నిద్ర లేచే వేళను స్థిరపరచాలి. ఆదివారం కూడా అందులో గంటకు మించి తేడా ఉండరాదు. తండ్రి కోసం ఎదురుచూడకుండా పిల్లలకు ఎనిమిదింటికే అన్నం పెట్టాలి. పడకకు గంట ముందే టీవీ, సెల్‌ఫోన్ కట్టేయాలి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ, కూల్‌డ్రింకులు ఇవ్వరాదు. స్నానం, పాలు, ఆపై పేదరాశి పెద్దమ్మ కథ.. ఏదైనా సరే, ప్రతి రాత్రీ అదే వరుసలో జరిగితే శరీరం దానినే సంకేతంగా గ్రహిస్తుంది.

కాల్వగట్టు కాలనీల్లో, వరిచేల నడుమ గ్రామాల్లో దోమలు నిద్రకు ప్రధాన శత్రువులు. దోమతెర తప్పనిసరి. వేసవిలో పగటి వేడిని పీల్చుకున్న స్లాబు రాత్రి పొద్దుపోయే వరకు సెగ కక్కుతుంది. సాయంత్రం డాబాపై నీళ్లు చల్లడం, కిటికీలు తెరిచి ఉంచడం కొంత ఉపశమనమిస్తాయి. ఒంటిపూట బడుల రోజుల్లో బడిపిల్లల మధ్యాహ్నపు కునుకు అరగంటకు మించితే, లేదా సాయంత్రం వేళ పడితే రాత్రి నిద్ర చెడుతుంది.

వైద్యుణ్ని ఎప్పుడు కలవాలి?

పిల్లలు తరచూ గురక పెడుతున్నా, నోటితో గాలి పీలుస్తున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్లు అనిపించినా టాన్సిల్స్, అడినాయిడ్స్ వాపు ఉందేమో పరీక్ష చేయించాలి. నిద్ర పడుతుందని దగ్గు, జలుబు మందులు తాగించడం ప్రమాదకరం. తగిన వేళకు పడుకోబెట్టినా రెండు మూడు వారాల్లో మార్పు కనిపించకుంటే పిల్లల వైద్యుణ్ని సంప్రదించాలి.

పిల్లల చదువుకు తల్లిదండ్రులు వేలు, లక్షలు వెచ్చిస్తున్నారు. పైసా ఖర్చు లేని నిద్రను మాత్రం వారికి కరవు చేయరాదు.