నవ్విస్తూనే కోటి మొక్కలు నాటిన తాత – వనజీవి రామయ్య



మెడలో ఒక బోర్డు వేలాడదీసుకుని ఊరంతా తిరిగే ముసలాయన్ని చూస్తే మొదట ఎవరికైనా నవ్వే వస్తుంది. ఆ బోర్డు మీద ‘వృక్షో రక్షతి రక్షితః’ అని ఉంటుంది. అంటే చెట్టును మనం కాపాడితే అది మనల్ని కాపాడుతుందని. ఆయనే ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య గారు. చివరికి ఆయన ఇంటిపేరే ‘వనజీవి’ అయిపోయింది. కోటికి పైగా మొక్కలు నాటినారని దేశమంతా చెప్పుకుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న, ఎనభై దాటిన వయసులో, గుండెపోటుతో కన్నుమూశారు.

యూట్యూబ్‌లో ఆయన వీడియోలు చాలానే ఉన్నాయి. మన వాల్మీకిపురం, మదనపల్లె పక్క రైతులకు ఆయన జీవితంలో నేర్చుకోవాల్సింది ఏముందో ఈసారి చెప్పుకుందాం.

పిచ్చోడన్నా పట్టించుకోలేదు

మొదట్లో జనం ఆయన్ని పిచ్చోడన్నారు. ఆయన కోప్పడలేదు, పని మానలేదు. ఎవరో పారేసిన రేకు ముక్కలు ఏరుకొచ్చి, రంగు పూసి, వాటి మీద చెట్ల గురించి మాటలు రాసి ఊరంతా తగిలించినారు. పెళ్లికి పిలిస్తే బహుమతిగా మొక్క పట్టుకుపోయేవారు. మనవరాళ్లకు కూడా పూలూ వనమూ కలిసే పేర్లే పెట్టుకున్నారు.

ఒకసారి బైకు గుద్ది ఆయనకు దెబ్బలు తగిలినాయి. వేరేవాళ్లయితే కేసు పెడతారు, డబ్బులడుగుతారు. ఈయన మాత్రం ఆ అబ్బాయి మీద కేసు వద్దు, వాడితో నూరు మొక్కలు నాటించండి అన్నారని పేపర్లలో వచ్చింది. చదివినవాళ్లు నవ్వుకున్నారు. కానీ ఆ మాట మరిచిపోలేదు.

ఆయన సరదాలో ఉన్న బలం అదే. చెట్లు నాటండి అని మైకులో గంటసేపు చెబితే ఎవరూ వినరు. అదే మెడలో బోర్డుతో ఒక తాత నవ్వుతూ ఎదురొచ్చి చేతిలో గింజలు పెడితే, పారేయబుద్ధి కాదు. ఇంటికి తెచ్చుకుని పెరట్లో పెడతారు.

తాత చేసిన పని

కూరగాయల గింజలు వచ్చే కారుకు దాచిపెట్టే తల్లిని చూసి ఆయనకు చిన్నప్పుడే ఈ అలవాటు వచ్చింది. ఎండాకాలమంతా చెట్ల కింద గింజలు ఏరడం, దాచడం, వానలు పడగానే రోడ్ల పక్కన, కాలవ గట్ల మీద, ఖాళీ జాగాల్లో వేయడం. సైకిలు మీద మొక్కలు, జేబులో గింజలు. పక్కనే భార్య జానమ్మ గారు. మొదట వాళ్ల ఊరి దగ్గరి కాలవకు రెండు పక్కలా నాలుగు కిలోమీటర్ల మేర నాటుకుంటా పోయినారు. రావి, వేప, మారేడు, కదంబం, ఇంకా ఎన్నో. మన శేషాచలం కొండల ఎర్రచందనం కూడా ఆయన చేతిలో ఖమ్మంలో మొలిచింది.

ఎండాకాలంలో గింజ సిద్ధం చేసుకుని వానకు ముందే నేలకు అందించడం మనకు కొత్త కాదు. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో, వానకు ముందే నవధాన్యాలు చల్లమని చెప్పేది అందుకే. గింజకు మట్టి, ఘనజీవామృతం, బూడిద పట్టించి గుళిక చేసి పొడి దుక్కిలో వేస్తే తేమ తగిలినప్పుడు అదే లేస్తుంది.

మన గెనిమల మీద ఏం వేయొచ్చు?

వేప: మన పక్క వానలు మొదలయ్యే జూన్, జూలైల్లో పండ్లు రాలతాయి. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు వారాల్లోపల వేసేయాలి. దాచిపెడితే మొలక శక్తి పోతుంది. నేరేడు కూడా అంతే, తిన్న గింజ తిన్నట్టే నాటాలి.

కానుగ: ఎండాకాలంలో కాయలు ఏరుకుని వానలకు వేయొచ్చు. పెద్ద చెట్టయినాక వానకు ముందు కొమ్మలు నరికి ఆకు మడిలో తొక్కితే మంచి పచ్చిరొట్ట ఎరువు. నరకడం వల్ల పైరు మీద నీడ కూడా తగ్గుతుంది.

చింత: గింజ చాలా కాలం నిలుస్తుంది. ఒక రాత్రి నానబెట్టి వేస్తే చాలు. చెట్టు విస్తరిస్తుంది కాబట్టి గెనిమ మధ్యలో కాకుండా పొలం మూలన పెట్టుకోవాలి.

సీతాఫలం, ఆముదం, వావిలి: మేకలు వావిలి జోలికి పెద్దగా రావు కాబట్టి కంచెకు బాగుంటుంది.

వేప, కానుగ, సీతాఫలం, ఆముదం, వావిలి ఆకులన్నీ దశపర్ణి కషాయానికి కావాల్సినవే. గెనిమ మీద ఇవి ఉంటే టమోటాకు పురుగు పడినప్పుడు ఆకు కోసం ఊరంతా తిరిగే పని ఉండదు.

తాతలు ఉండంగానే అడగండి

రామయ్య గారి గురించి చెప్పుకోవడానికి ఫొటోలు, వీడియోలు, పేపర్లు ఉన్నాయి. మన ఇళ్లలో తాతలకు అవేమీ లేవు. శెనక్కాయ చేనిలో అనుము, కంది, అలసంద, సజ్జ, ఆముదం సాళ్లు వేసిన తరం వాళ్లది. వాన ఎగ్గొట్టి ఒక పంట పోయినా ఇంకొకటి సంగటికో పప్పుకో వచ్చేది. తర్వాత బోర్లు వచ్చినాయి, టమోటా వచ్చింది, సాళ్లు పోయినాయి. ఇప్పుడు మదనపల్లె మార్కెట్లో రేటు పడిందంటే కోత కూలి కూడా రాక కాయలు చేనిలోనే వదిలేస్తాం. పక్కన కోసుకోవడానికి ఇంకో పంట ఉండదు.

ఆ పాత గింజ ఏ ఊర్లో, ఎవరింటి కుండలో మిగిలిందో, ఏ కార్తెలో ఏది వేయాలో, ఏ సాలు పక్కన ఏది బాగా వస్తుందో తెలిసిన తాతలు ఏటికేడు తగ్గిపోతున్నారు. వాళ్లు ఆ సంగతులు పాఠంలాగా చెప్పరు. జోకు మధ్యలో, సామెత మధ్యలో, చిన్నప్పటి అల్లరి చెబుతా చెబుతా ఒక మాట అనేస్తారు. కాబట్టి ‘వ్యవసాయం గురించి చెప్పు తాతా’ అని అడగొద్దు. ‘నీ చిన్నప్పుడు అనపకాయ చేనికి కాపలా పోయినప్పుడు ఏం చేసేవాళ్లు?’ అని అడగండి. మాట దానంతటదే వస్తుంది. ఆయన నవ్వుతా చెప్తాంటే సెల్లులో ఒక పది నిమిషాలు వీడియో తీయండి. గింజ పేరు, ఊరి పేరు మాత్రం కాగితం మీద రాసుకోండి.

ఈ ఎండాకాలంలో ఇంటికొక పిడికెడు గింజలు ఏరినా, మొదటి వానకు మన పల్లెల గెనిమలకు అవి చాలు. పిల్లోళ్లను కూడా తోడు తీసుకుపొండి. వాళ్లకు అది ఆటలాగే ఉంటుంది. ఉండాల్సింది కూడా అట్లే.