చన్నీటి కాఫీ

నిప్పు లేనిదే కాఫీ లేదని మన యిండ్లలో చిరకాలపు నమ్మకము. మరుగునీరు పొడిలోని సారమును నిమిషములలో లాగివేయును. దానితోపాటు చేదును కూడ తెచ్చును. చన్నీరు ఆ పనినే నిదానముగా, మృదువుగా చేయును. వేడి చేయు పనిని ఇచట కాలము చేయునన్నమాట.

విధానము సులభము. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికా గింజలను వేయించి, బొంబాయిరవ్వవలె బరకగా విసరవలెను. 100 గ్రాముల పొడికి 800 మిల్లీలీటర్ల మంచినీరు పోసి, కలియబెట్టి, మూతపెట్టి, రిఫ్రిజిరేటరులో 16 గంటలుంచవలెను. పిమ్మట పలుచని గుడ్డతో వడగట్టవలెను. పొడి మెత్తనైనచో మడ్డి దిగిపోవును. ఈ డికాక్షను చిక్కనిది. సమానముగా నీరో పాలో కలిపి త్రాగవలెను. మూడు నాలుగు దినములకు మించి నిలువ ఉంచరాదు.

ఒక హెచ్చరిక. చల్లనిది, చేదు తక్కువైనది గనుక నిరపాయమని భ్రమపడరాదు. కెఫీను చన్నీటిలోను కరగును. చేదు నాలుకకు కావలివాడు. ఇచట వాడు కునుకుచుండును. పరీక్షల రాత్రి గ్లాసు వెనుక గ్లాసు త్రాగు విద్యార్థి, చదివినదానిని మనస్సున నిలుపు నిద్రనే పోగొట్టుకొనును. రేపటి కాఫీకి నేడే నీరు పోయగల ఓర్పు, రేపటి పాఠమునకును చాలునుగదా!